రెక్కకు తగిలిన దెబ్బ

మా కాలనీలో చావు కబురు ఎవరు తెచ్చినా ముందు అడిగే ప్రశ్న ఒకటే. "ఏ బాయి? ఏ షిఫ్టు?" బొగ్గు గనిని మా గోదావరిఖనిలో బాయి అంటాం. పోయినవాళ్ళ పేరు, ఊరు, పిల్లలెందరు అన్నవన్నీ ఆ తర్వాత.

అందుకే 2003 ఫిబ్రవరి మొదటి తారీఖు, శనివారం, దీపాలు పెట్టిన కాసేపటికి, టీవీ చూస్తున్న నేను గల్లీలోకి ఉరికి "ఏడుగురు పోయిండ్రంట!" అని అరిచేసరికి, పక్క క్వార్టర్ పూలమ్మ చిన్నమ్మ బియ్యం చాట అట్లాగే కింద పెట్టేసింది. ఆమె మొగుడు ఎల్లేశం కాక ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు. అయినా సరే, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో! ఏ బాయిలనే హర్షిణీ? సెకండ్ షిఫ్టా?"

"బాయిల గాదు చిన్నమ్మా. ఆకాశంల."

"ఆకాశమా? అదెక్కడి బాయే? కొత్తగ తీసిండ్రా?"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నాకు ఒళ్ళు మండింది. కల్పనా చావ్లా పోయిందే, అంతరిక్షం నుంచి దిగొస్తుంటే నౌక ముక్కలైపోయిందే అని మొత్తుకుంటే, "ఏ కల్పన? ఏడో గల్లీ కల్పననా?" అని ఆమె ఇంకో రాగం ఎత్తుకుంది. నాకు పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి. ప్రపంచంలో నాకు తప్ప ఎవరికీ బుద్ధి లేదని గట్టిగా నమ్మే వయసు.

ఇంట్లోకి వస్తే మా నాన్న, బాపు అంటాను, టీవీకి మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. "ఏమంటుండే వాడు? సౌండు జర పెంచు" అన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ రాజకుమారి, వంటింట్లోంచి కేకేసింది. "ఇంకెంత పెంచాలె? కోటరు గోడలు కూలేదాకనా?" ఇది మా ఇంట్లో రోజూ ఉండే గొడవే. నేను సౌండు పెంచాను. బాపు తెర మీద కింది అక్షరాలు చదువుకుంటూ "నేల ఇంక పదారు నిమిషాలే ఉండెనంట గద" అని నాలుక చప్పరించాడు.

బాపు పేరు సదానందం. గోదావరి అవతల జైపూర్ దిక్కు పల్లె నుంచి వచ్చి, తట్ట మోసి, బొగ్గు ఎత్తి, ఆ తర్వాత పరీక్ష రాసి సర్దారు అయినవాడు. సర్దారంటే ఏందో చెప్పకపోతే ఈ కథ నడవదు. షిఫ్టులో అందరికంటే ముందు పనిచోటికి పోయేది సర్దారే. చేతికర్రతో నెత్తి మీది కప్పును తట్టి, చెవి పెట్టి వింటాడు. ఆ బండ గట్టిగా ఉంటే "రాండ్రి" అంటాడు. లోపల వదులైతే "ఆగుండ్రి" అంటాడు. వెనుక పద్నాలుగు మంది ఆ ఒక్క మాట కోసం నిలబడి ఉంటారు.

సోమవారం బడిలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. నేను మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి ఎవరెవరు తెరిచారో చూశాను. సైన్సు చెప్పే లక్ష్మీనరసింహ సారు కూడా తెరిచే ఉన్నారు. ఆయనది మంథని. రోజూ బస్సులో వచ్చేవారు, రోజూ పది నిమిషాలు లేటు.

"అమ్మాయీ," అన్నారు తర్వాత నన్ను పిలిచి, "నువ్వడిగే ప్రశ్నలకన్నిటికీ జవాబు చెప్తూ పోతే సిలబస్ వచ్చే జన్మకు అవుతుంది. ఈ ఇరవై ఎనిమిదిన సైన్స్ దినోత్సవం. ఆమె మీద ప్రసంగం నువ్వే చెయ్యి. నీ ప్రశ్నలన్నీ ఆమెనే అడుగు."

"ఆమె లేదు కద సార్."

"లేనివాళ్ళనే బాగా అడగొచ్చు. విసుక్కోరు."

అట్లా పట్టుకున్నాను ఆమెను. యూనియన్ ఆఫీసులో పాత పేపర్లు తిరగేశాను. హర్యానాలో కర్నాల్ అనే ఊరట. ఇంట్లో ఏదో ముద్దుపేరుతో పిలిచేవాళ్ళట, బడిలో వేసేటప్పుడు కల్పన అని తన పేరు తనే పెట్టుకుందట. ఇది చదివి నేను మా అవ్వతో ఒక పూట మాట్లాడలేదు, నన్ను అడక్కుండా పేరు పెట్టినందుకు. కాలేజీలో విమానాల చదువు ఆడపిల్లకెందుకు, ఇంకోటి తీసుకో అంటే వినలేదట. 1997లో ఒకసారి పోయొచ్చింది. ఇది రెండోసారి.

ఆ ఏడు మా కాలనీలో పుట్టిన ఆడపిల్లలకు ఆ పేరు బాగానే పెట్టారు. ఇప్పుడు నేను నస్పూర్‌లో ఆరో తరగతికి సైన్సు చెప్తున్నాను. తెలంగాణ వచ్చిన ఈ ఏడు మా క్లాసులో హాజరు పిలిస్తే ముగ్గురు కల్పనలు లేచి నిలబడతారు. ముగ్గురికీ లెక్కలు రావు. అది వేరే కథ.

పేపర్లలో దొరకని ప్రశ్నలకు నాకు దొరికిన మనిషి బాపు. ఆకాశం గురించి బాపుకు ఏమీ తెలియదు. కానీ ఏది అడిగినా జవాబు ఉండేది.

"పైన గాలి ఉండదట గద బాపూ, మరెట్ల బతుకుతరు?"

"కిందనన్న యాడున్నది? ఫ్యాను పెట్టి తోల్తరు. గాలి చూసేటోడు ఒకడు ఉంటనే ఉంటడు."

"అంత ఇరుకుల ఏడుగురు ఎట్ల ఉంటరు, కొట్లాడుకోరా?"

"మీద ఎన్నన్న కొట్లాడుకో. కిందికి దిగినంక కొట్లాడుడు ఉండది బిడ్డా. పక్కోని బత్తి వెలుగుతుందా లేదా, గదే చూస్తం."

"మరి పైకి పోయేటప్పుడు ఏం కాలే. దిగేటప్పుడే ఎందుకయింది?"

"షిఫ్టు అయిపోయిందనుకున్నప్పుడే మనిషి ఆదమరుస్తడు. ఇంటికాడ ఏం కూర వండిండ్రో అనుకుంట నడుస్తడు. మాకు గూడ గప్పుడే భయం."

ఇంకోటి అడిగాను. "ఆడోళ్ళు గంత మీదికి పోవచ్చు గని బాయిలకు దిగద్దా?"

"చట్టం ఒప్పది."

"బాయి మూతికాడ మైసమ్మను మొక్కుతరు గద, ఆమె ఆడామె కాదా?"

"ఆమె తెలివిగల్లది, మీదనే కూసున్నది. కిందికి రాలే" అని నవ్వాడు.

నేను మాట్లాడుతున్నంతసేపూ బాపు నా మొహంలోకే చూసేవాడు. కళ్ళు తిప్పేవాడు కాదు. నా మాటంటే బాపుకు ఎంత ప్రేమ అని మురిసిపోయేదాన్ని.

వారం తిరక్కుండానే పేపర్లో ఇంకో సంగతి వచ్చింది. నౌక పైకి లేచిన నిమిషంన్నర లోపే పెద్ద ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలిందట. మర్నాడు ఫిల్ములో చూశారట. ప్రమాదమేమీ లేదని లెక్కలు కట్టుకున్నారట. అది ఇంటికి తెచ్చి బాపుకు చూపించాను.

"నురుగా?" అన్నాడు బాపు. "నురుగు తాకితే రెక్క ఇరుగుతదా? సబ్బు నురుగేనా?"

మర్నాడు సారును అడిగి జవాబు తెచ్చాను. అది గట్టిపడ్డ నురుగు, మెత్తగా ఉన్నా ఆ వేగానికి దెబ్బ గట్టిగానే తగులుతుంది అన్నారు సారు. బాపు ఒప్పుకున్నాడు. ఎత్తు మీది నుంచి పడితే నిమ్మకాయంత బొగ్గుపెళ్ళ కూడా మనిషిని పడేస్తుందన్నాడు. ఆ తర్వాత పేపరు మళ్ళీ మొదటినుంచీ చదివి, మడిచి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"సరే. దెబ్బ తాకిందని ఎరుకైంది. మరి ఎవలన్న పోయి తట్టి చూసిండ్రా?"

"లెక్కలేసి చూసిండ్రట బాపూ."

"లెక్క వేరు. తట్టుడు వేరు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. తట్టుడంటే ఎట్లనో చూపించమని వెంటపడ్డాను. బాపు కర్ర తీసి వెనుకింటి గోడ మీద అక్కడక్కడ కొట్టి చూపించాడు. గచ్చు గోడను పట్టుకున్నచోట ఖణేల్‌మంది. గచ్చు లోపల ఊడినచోట బొద్దుగా, అంటే డొల్లగా, పలికింది. కొత్త కుండ కొనేటప్పుడు అవ్వ వేలితో కొట్టి చూస్తుందే, అట్లాగే. ఆ తర్వాత మూడు రోజులూ కాలనీలో నేను తట్టని గోడ లేదు. పూలమ్మ చిన్నమ్మ తలుపు తట్టితే లోపల్నుంచి "ఎవలు?" అని మూడుసార్లు లేచొచ్చి, నాలుగోసారి చీపురు పట్టుకొచ్చింది.

సారుకు చెప్తే ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. ప్రసంగంలో ఒక ప్రయోగం పెడదామన్నారు. రెండు షాబాదు బండలు. ఒకటి ఇసుకలో గట్టిగా కూర్చోబెట్టింది, ఇంకోదాని కింద ఖాళీ. ఒక సర్దారు కళ్ళకు గుడ్డ కట్టుకుని నిలబడతాడు, నేను కొడతాను, చెవితోనే ఏది ఏదో చెప్తాడు.

"మీ నాన్నగారినే పిలుద్దాం. ముఖ్య అతిథి బాయి మేనేజర్ గారే. ఆయనకూ బాగుంటుంది" అని అక్కడికక్కడే కార్డు మీద బాపు పేరు రాసేశారు.

బాపు మొదట వద్దన్నాడు. "నేనెందుకు, ఎల్లేశంగాన్ని పిలువు" అన్నాడు. నేను ఊరుకుంటానా? కార్డు మీద పేరు పడ్డదని అలిగాను, అన్నం మానేశాను. చివరికి సరే అన్నాడు.

ఆదివారం పొద్దున వెనుకింట్లో బండలు పెట్టి రిహార్సల్ మొదలుపెట్టాం. బాపును అటు తిరిగి నిలబడమన్నాను. గట్టి బండ కొట్టాను.

"గట్టిది" అన్నాడు.

మళ్ళీ అదే కొట్టాను. "బొద్దుది" అన్నాడు.

ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. ఒక్కసారి చూసింది ప్రయోగం కాదు, మళ్ళీ మళ్ళీ చూసి రాసుకున్నదే ప్రయోగం అని సారు నేర్పారు కదా, నోటుబుక్కు తెచ్చాను. ఇరవైసార్లు కొట్టాను. పదకొండు ఒప్పు, తొమ్మిది తప్పు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఈసారి బండలు కనబడకుండా గోనెపట్టా అడ్డం కట్టి, నా వైపు తిరగమన్నాను. ఇరవైకి ఇరవై ఒప్పు చెప్పాడు. నా మొహానికి అవ్వ తువ్వాల కప్పుకుని కొట్టాను. మళ్ళీ పదే. బండ మీద చెయ్యి పెట్టుకోమని కొట్టాను. పద్దెనిమిది.

రాసుకున్నవన్నీ రెండుసార్లు కూడుకుని చూశాను. నేను సొంతంగా కనిపెట్టిన మొదటి సత్యం అది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

బాపు అటు తిరిగి కర్ర తుడుచుకుంటున్నాడు. నేను వెనుక నిలబడి "బాపూ" అన్నాను. ఇంకొంచెం గట్టిగా "బాపూ, నీ కాలికాడ తేలు" అన్నాను. ఆయన తుడుచుకుంటూనే ఉన్నాడు.

తర్వాత ఇటు తిరిగి నా మొహం చూశాడు. ఇంక దాచేదేమీ లేదని ఆయనకూ అర్థమైంది.

"ఎన్నొద్దుల సంది?" అని పెదవులు బాగా కదిలిస్తూ అడిగాను.

"ఎడమది ఎన్నడో పోయింది. బ్లాస్టింగు మోతలకు. కుడిది మొన్న ఎండకాలం పోయినంక మొదలువెట్టింది. ఆర్నెల్లు."

"మరి కప్పు ఎట్ల చూస్తున్నవు?"

"చెయ్యి అందినకాడ చెయ్యి పెట్టి చూస్త. కొడితే అరచేతికి తెలుస్తది."

"అందనికాడ?"

బాపు తువ్వాల తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు మడతలు పెట్టాడు, విప్పి మళ్ళీ పెట్టాడు.

అవ్వ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. బాపు బయటికి పోయాక నా రెక్క పట్టి లోపలికి లాగింది.

"నాకెరుక లేదనుకున్నవానే? ఆరు నెలల సంది కండ్లు మూస్తలేను నేను. మాట కడుపుల పెట్టుకో. దవాఖానల అన్‌ఫిట్ అని రాస్తే కొడుకున్నోళ్ళకు ఫికర్ లేదు, ఆ కొలువుల కొడుకును పెట్టుకుంటరు. మనకు నువ్వొక్కదానివి. ఆడపిల్లలకు ఇయ్యరు. ఈ కోటరు ఇడిసిపెట్టాలె. మరి నీ సదువు? గా విమానాల సదువు సదువుతనంటివి గద, ఎట్ల సదువుతవు?"

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఏదీ తెలియనప్పుడు సుఖంగా ఉన్నాను. అన్నిటినీ తట్టి చూడమని నాకెవరు చెప్పారు?

మర్నాడు సారును అడిగాను. "సార్, రెక్కకు దెబ్బ తాకిందని పైనున్న ఏడుగురికి చెప్పిండ్రా?"

"అది పేపర్లో రాలేదమ్మా. చెప్పినా వాళ్ళు ఏం చెయ్యగలరు? అక్కడ బాగుచేసుకునే వీలు లేదట."

"బాగు చేసుకునే వీలు ఉంటే?"

సారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "ఉంటే చెప్పకపోవడం పాపం" అన్నారు. ఎందుకడిగావని అడగలేదు. పాఠం ఎక్కడ ఆపారో వెతుక్కున్నారు.

ఆ సాయంత్రం ఎల్లేశం కాక దగ్గరికి పోయాను. బాపు రండి అంటే ముందుగా ఆ కప్పు కిందికి పోయేది ఆయనే. ఆయనకు చెప్పకుండా ఇంకెవరికి చెప్పినా న్యాయం కాదనిపించింది. ఎట్లాగో చెప్పాను.

కాక బీడీ దులిపి నవ్వాడు. "గింతేనా? మాకెరుకనే బిడ్డా."

"ఎరుకనా?"

"గ్యాంగుల అందరికెరుక. అన్న కర్రతోని కొడ్తడు, నేను పక్కన నిలబడి వింట. మంచిగుంటే నెత్తి బత్తిని మీదికి కిందికి ఊపుత. బాగలేకుంటే అడ్డంగ ఊపుత. అన్న చూసి మాట చెప్తడు. ఎనిమిదేండ్ల కింద నడుముల మీద పెళ్ళ పడితే నన్ను ఈడ్చుకొచ్చిన మనిషి. గా మనిషిని అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపుదుమా? ఫికర్ చెయ్యకు, పో."

నాకు గుండె మీది బరువు దిగిపోయినట్టయింది. గుమ్మం దాకా పోయాను కూడా. కానీ నా పాడు బుద్ధి, ప్రశ్న వస్తే లోపల ఆగదు. వెనక్కి తిరిగాను.

"కాకా, మొన్న సంక్రాంతి దాటినంక నీ బిడ్డ పెండ్లికి ఎనిమిది రోజులు డ్యూటీకి పోలేదు గద. గప్పుడు ఎవలు విన్నరు?"

కాక బీడీ నోటిదాకా పోయి ఆగింది. "రాజం ఇనుండొచ్చు" అన్నాడు. తర్వాత "నర్సింగం..." అన్నాడు. గ్యాంగులో రాజం నర్సింగం వింటాడనుకున్నాడు, నర్సింగం రాజం వింటాడనుకున్నాడు. ఆ ఎనిమిది రోజులు ఎవరూ వినలేదు. బాపుతో కలిపి పద్నాలుగు మంది ఆ కప్పు కింద పనిచేసి ఇంటికొచ్చారు, అంతే.

కాక బీడీని నేలకేసి నలిపాడు. "అన్నతోని నేను మాట్లాడుత" అన్నాడు చివరికి. మాట్లాడాడో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడని రోజులవి.

ప్రయోగం వద్దు సార్ అని చెప్పి చూశాను. కార్డులు పంచేశామమ్మా అన్నారు. బాపుకు రావద్దని చెప్పాను. "రాకుంటే మేనేజరుకు అనుమానం వస్తది" అన్నాడు. దాంతో నాకు ఇంక చేసేదేమీ మిగల్లేదు.

ఇరవై ఎనిమిది, శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి సభ. మొదటి షిఫ్టు దిగి వచ్చిన వాళ్ళంతా స్నానాలు చేసి, తలలు దువ్వుకుని బడి ఆవరణలో బెంచీల మీద కూర్చున్నారు. ఎల్లేశం కాక ముందు వరసలోనే ఉన్నాడు. బాపు తెల్ల చొక్కా వేసుకున్నాడు. అవ్వ ఆడవాళ్ళ వైపు చివర నిలబడింది. మేనేజర్ గారు వేదిక మీద మధ్య కుర్చీలో, పక్కన ఇంకో ఆఫీసరు.

నా ప్రసంగం బాగానే సాగింది. కర్నాల్ చెప్పాను, పేరు తనే పెట్టుకున్న సంగతి చెప్పాను, కాలేజీ సంగతి చెప్పాను. రెక్కకు తగిలిన దెబ్బ చెప్పాను. "లెక్క వేరు, తట్టుడు వేరు" అని బాపు మాట బాపు పేరుతోనే చెప్పాను. చప్పట్లు కొట్టారు. మేనేజర్ గారు కూడా కొట్టారు.

సారు మైకులో బాపును పిలిచారు. బాపు వేదిక ఎక్కాడు. కళ్ళకు గుడ్డ కట్టడానికి నేను ఆయన ముందు నిలబడితే, వంగి, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా అనబోయాడు. ఆయనకు మెల్లగా అంటే ఎంతో తెలియదు కదా, నా అదృష్టం కొద్దీ మైకు దూరంగా ఉంది.

"గట్టిదైతే నా కుడికాలు తొక్కు బిడ్డా. బొద్దుదైతే ఎడమకాలు."

గుడ్డ కట్టాను. ముడి రెండుసార్లు జారిపోయింది.

నేను కర్ర తీసుకుని గట్టి బండను కొట్టాను. ఖణేల్‌మని అంత పెద్ద ఆవరణలో చివరి బెంచీ దాకా వినిపించింది. చిన్నపిల్లలు కూడా "గట్టిది, గట్టిది" అని గుసగుసలాడారు.

బాపు మొహంలో ఏమీ లేదు. వేచి చూస్తున్నాడు. ఆయన చెప్పు నా కాలికి జానెడు దూరంలో ఉంది. తొక్కితే అయిపోతుంది. చప్పట్లు కొడతారు, మేనేజర్ గారు శాలువా కప్పుతారు, ఇంటికి పోయి అవ్వ బెల్లం పాశం వండుతుంది. పొద్దున ఆరింటికి బాపు టిఫిన్ పట్టుకుని బయల్దేరతాడు. ఎల్లేశం కాకకు ఏ జ్వరమో వచ్చేదాకా అంతా బాగుంటుంది. నాకు ఆ జానెడు దూరం దాటాలని ఎంత ఉండిందో! బాపు పరువు, క్వార్టరు, నా చదువు అన్నీ ఆ చెప్పు మీదే ఉన్నాయి. నేను కాలు కదపలేదు.

బాపు ఇంకొంచెం ఎదురుచూశాడు. తర్వాత ఆయన కాలు మెల్లగా జరిగింది. నేల మీద రాసుకుంటూ నా కాలిని వెతికింది. నేను నా కాలు వెనక్కి తీసుకున్నాను. తీసుకుంటూనే ఏడుస్తున్నాను, ఆ ఏడుపు ఆయనకు వినబడదు.

ఎదురుగా ఎల్లేశం కాక లేచి నిలబడ్డాడు. తల పైకి ఊపాలా, అడ్డంగా ఊపాలా అన్నట్టు మెడ బిగబట్టుకుని ఉన్నాడు. ఊపినా గుడ్డ వెనుక బాపుకు కనబడదు.

బాపు కాలు తన చోటికి తను పోయింది. ఆ తర్వాత తనే చేతులెత్తి గుడ్డ విప్పుకున్నాడు. ముందు నన్ను చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. పనిచోట మొదటిసారి కప్పు తట్టినవాడిని పెద్ద సర్దారు చూసినట్టు, ఆపాదమస్తకం, నిదానంగా చూశాడు. తర్వాత మేనేజర్ గారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సార్, నాకు ఇనవడ్తలేదు. ఆర్నెల్లాయె. నా గ్యాంగోళ్ళ తప్పేం లేదు, నేనే దాచిపెట్టిన."

అంత గట్టిగా చెప్పాడు ఆ మాట, మైకు అక్కర్లేకుండా గేటు బయట ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది. అవ్వ కొంగు మొహం మీద వేసుకుని కింద కూర్చుంది. లక్ష్మీనరసింహ సారు నా చేతిలోంచి కర్ర తీసుకున్నారు, నేను దాన్ని ఇంకా పట్టుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది.

మేనేజర్ గారు మంచివాడో చెడ్డవాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన బాపును చూడలేకపోయారు. తల వంచుకుని, పక్కనున్న ఆఫీసరుతో, బల్ల వైపు చూస్తూ చెప్పారు. "రేపటి నుంచి ఇతన్ని కిందికి పంపకండి. పొద్దున దవాఖానకు తీసుకుపోండి."

ఆయన పెదవులు బాపుకు కనబడలేదు. బాపు ఆయన నెత్తిని, ఆఫీసరు మొహాన్ని, మళ్ళీ నెత్తిని చూశాడు. ఎవరో ఏదో అన్నారని తెలుసు, అది తన గురించేనని తెలుసు, అదేమిటో తెలియదు. నా వైపు వంగాడు. ఇంక దాచాల్సిన పని లేదు కదా, అందరి ముందరా చెవి నాకు అప్పగించాడు.

"ఏమంటుండు బిడ్డా?"

నా నోటితో చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. రెండు చేతులూ బాపు చెవి చుట్టూ పెట్టి, బడి అంతా వినేట్టు అరిచాను.

"రేపటి సంది కిందికి దిగద్దంటుండు బాపూ!"

"అట్లనా" అన్నాడు బాపు. తల ఊపాడు. ముందు వరసలో నిలబడి ఉన్న ఎల్లేశం కాకను చూశాడు, వెనుక బెంచీల్లో ఉన్న రాజాన్ని, నర్సింగాన్ని, మిగతా వాళ్ళను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నట్టు చూశాడు.

"రేపు మొదటి షిఫ్టుకు వీళ్ళకు కప్పు ఎవలు చూస్తరట? అడుగు బిడ్డా."

కళ్ళు తుడుచుకుని, నేను మేనేజర్ గారి వైపు తిరిగి అడిగాను.